పాఠ్యప్రణాళిక: ఎవరి వంతు యెంత?

(గుడిమల్కాపూర్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చి ప్రసంగించుట వాడుక. పుస్తకము గొప్పదనుటలో నెవ్వరికిని సందేహము లేదు. కాని చదువగల బాలుడు లేనిచో బీరువా నిండిన గ్రంథములు చెదల పాలగును. చదువగల బాలుని తయారుచేయునది పాఠశాల. పాఠశాల నడుచుట పాఠ్యప్రణాళికను బట్టి. కావున పాఠ్యప్రణాళిక సరిగా అమలగుటలో గ్రంథాలయమునకు సొంత లాభనష్టములు కలవు. ఆ అమలులో ఎవరి వంతు యెంత యనునదే నేటి ప్రసంగవిషయము.

గ్రామలెక్కలతో పరిచయమున్న పెద్దలకు ఒక సంగతి తెలియును. ఉమ్మడి పట్టాలో నలుగురన్నదమ్ముల పేర్లుండి వాటాలు తేలకున్నచో, శిస్తు వసూలునకు పోయినవానికి ఒకరు మరియొకరిని చూపుదురు. పెద్దవాడు నడిపివాని నడుగుమనును. నడిపివాడు చిన్నవానిని చూపును. చిన్నవాడు ఊరిలో నుండడు. పంట యందరిది, శిస్తు ఎవ్వరిదియు కాదు. పిల్లల చదువు నేడట్టి వాటాలు తేలని ఉమ్మడి పట్టావలె నున్నది. అయిదవ తరగతి బాలునకు రెండవ తరగతి వాచకము చదువుట రాలేదనుకొనుడు. తల్లిదండ్రులు ఉపాధ్యాయుని తప్పందురు. ఉపాధ్యాయుడు పై అధికారులను చూపును. అధికారులు పుస్తకము కఠినమందురు. పుస్తకము వ్రాసినవారు ఇంటివద్ద చదివించువారు లేరందురు. నింద నాలుగు దిక్కులు తిరిగి బయలుదేరిన చోటికే చేరును. బాలుడు మాత్రము ఆరవ తరగతికి పోవును.

పాఠ్యప్రణాళిక యన్నంతనే పలువురకు పాఠ్యపుస్తకము స్ఫురించును. పుస్తకము ప్రణాళికలో నొక భాగము మాత్రమే. ఏ వయస్సు పిల్లలకు ఏమి నేర్పవలెను, ఎందుకు నేర్పవలెను, ఏ వరుసలో నేర్పవలెను, ఏ భాషలో నేర్పవలెను, నేర్చినది లేనిది ఎట్లు తెలిసికొనవలెను అను అయిదు ప్రశ్నలకు సమాధానమే పాఠ్యప్రణాళిక. అది కాగితముపై నున్నంతవరకు పహాణీలోని పద్దువంటిది. పహాణీలో వరి యని వ్రాసినంత మాత్రమున పొలములో వరి పండదు. దున్నువాడు, నీరు పెట్టువాడు, కలుపు తీయువారు, కాపు కాయువాడు తమ తమ పనులు చేసినప్పుడే పద్దునకును పంటకును పొత్తు కుదురును.

ఈ పనుల విభజన క్రొత్త సంగతి కాదు. పంచతంత్రపు ఉపోద్ఘాతమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మహిలారోప్యమను పట్టణమున అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులు చదువురాని మూఢులై యుండిరి. వారిని వివేకవంతులను చేయవలెనని లక్ష్యము నిర్ణయించినవాడు రాజు. వ్యాకరణమొక్కటే పండ్రెండేండ్లు పట్టునని, ఆయుస్సు స్వల్పమని, సారమైనది సంగ్రహించి చెప్పింపవలెనని ఆలోచన చెప్పినవారు మంత్రులు. తగిన గురువును చూపినవాడు సుమతి. ఏమి చెప్పవలెనో, ఏ పద్ధతిని చెప్పవలెనో నిర్ణయించినవాడు విష్ణుశర్మ. ఆరు నెలల గడువు కూడ ఆయన తానై పెట్టుకొన్నదే. రాజు పిల్లలను అప్పగించి తొలగి నిలిచెను. నడుమ వచ్చి ఎన్ని కథలైనవని లెక్క యడుగలేదు. ఎవరి పని వారు చేసిరి, ఒకరి పనిలో మరియొకరు చేయి పెట్టలేదు. ఆ కథలనే పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా వెలువరింపగా, తరతరముల తెలుగు పిల్లలకు అది పాఠ్యగ్రంథమయ్యెను.

కథను విడిచి చరిత్రకు వత్తురుగాక. ఈ హైదరాబాదు నగరమే పాఠ్యప్రణాళిక విషయమున రెండు గొప్ప పాఠములను నేర్పినది.

మొదటిది ఉస్మానియా విశ్వవిద్యాలయము. దాని స్థాపనకు నిజాము ప్రభువు ఫర్మానా 1917లో వెలువడెను. 1918లో విశ్వవిద్యాలయ మేర్పడెను. 1919లో తరగతులు ఆరంభమయ్యెను. ఉన్నతవిద్యను ఇంగ్లీషునందు గాక ఉర్దూనందు బోధింపవలెనని సంకల్పము. ఆ సంకల్పము కాగితముపై నిలిచిపోకుండుటకు కారణము 1917లోనే నెలకొల్పిన అనువాద శాఖ. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి పండితులు దానికి పూనుకొని శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి, పారిభాషిక పదములను నిర్మించిరి. తరగతి గది తలుపు తెరచుటకు ముందే పుస్తకము సిద్ధము చేయవలెనను జాగ్రత్త అందు కనబడును. ఒక దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని లోకమునకు చూపిన ఘనత దానిదే. కాని రాజ్యమునందలి ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. మరాఠీ, కన్నడము మాటలాడువారు వేరు. ఆ ప్రణాళికను రచించునపుడు వీరి యిండ్ల భాషను లెక్కలోనికి తీసికొనలేదు. రాజు వంతు, పండితుల వంతు చక్కగా జరిగినవి. ఇంటి వంతు ఖాళీగా నుండిపోయినది.

రెండవ పాఠము ఆ ఖాళీనుండియే పుట్టినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ కార్వే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచినంతనే గేలిచేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘమునకు బీజము పడెను. ఆ ఉద్యమమున ముందునిలిచిన మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. అది ఉన్నత పాఠశాల స్థాయికి పెరిగినపుడు చిక్కు వచ్చెను. ఉర్దూ మాధ్యమము కాని బడికి అచటి విద్యాశాఖ గుర్తింపు దొరకదు; గుర్తింపు లేనిదే పరీక్ష లేదు; పరీక్ష లేనిదే తల్లిదండ్రులు పిల్లలను పంపరు. అప్పుడు దానిని కార్వే పండితుడు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించిరి. ఆ విశ్వవిద్యాలయము మాతృభాషలో బోధనను అంగీకరించినది. తెలుగు మాట వినబడని సభకు అధ్యక్షత వహించిన కార్వే స్థాపించిన సంస్థయే, కొన్నేండ్లకు తెలుగు బాలికలకు పరీక్షాద్వారమయ్యెను.

ఆ బడి నిలుచుట ఒక్కరి వలన నైన పని కాదు. వ్యవస్థాపకులు సంకల్పించిరి; దాతలు ధనమిచ్చిరి; ఉపాధ్యాయినులు బోధించిరి; దూరపు విశ్వవిద్యాలయము పరీక్ష జరిపినది. వీరందరికంటె అధికమైనది ఆనాటి తల్లిదండ్రుల వంతు. ఆడపిల్లను బడికి పంపుటయే వింతగా నున్న దినములలో, ప్రభుత్వోద్యోగమునకు పనికిరాని చదువునకు కుమార్తెలను పంపిన ధైర్యము వారిది. వీరిలో నే యొక్కరు వెనుదీసినను ఆ పాఠశాల మూతబడియుండును. రాజు తోడ్పాటు లేకున్నను తక్కిన వంతుదారులు కలిసినచో ప్రణాళిక నడచునని నారాయణగూడ చూపినది. రాజు తోడ్పాటున్నను ఇంటిని మరచినచో నది అరకొరగనే మిగులునని అంతకుముందటి చరిత్ర చూపినది.

నేటి కాలమునకు వచ్చినచో, వంతులు చట్టములోనే వ్రాయబడి యున్నవి. 1976లో రాజ్యాంగమునకు జరిగిన 42వ సవరణతో విద్య కేంద్రరాష్ట్రముల ఉమ్మడి జాబితాలోనికి వచ్చెను. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల పిల్లల చదువునకు సంబంధించి ఎవరు ఏమి చేయవలెనో విడివిడిగా చెప్పినది. చట్టము చదువరానిది కాదు, చదివినవారే తక్కువ. ఆ వంతులను ఒక్కొక్కటిగా పరిశీలింపవలసి యున్నది.

మొదటి వంతు ప్రభుత్వముది, అది నియమించిన విద్యాధికార సంస్థది. పాఠ్యప్రణాళికను, మూల్యాంకన పద్ధతిని నిర్ణయించుట ఆ సంస్థ పని. ఆ ప్రణాళిక బాలుని అనుభవముపై నిలువవలెనని, భయమునుండి పిల్లలను విముక్తులను చేయవలెనని, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన జరుగవలెనని చట్టపు 29వ విభాగము ఆదేశించుచున్నది. బడులను, ఉపాధ్యాయులను సమకూర్చుట కూడ ప్రభుత్వపు పనియే. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలున్నచో ఇద్దరుపాధ్యాయులు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండవలెను. ప్రణాళిక యెంత గొప్పదైనను, అయిదు తరగతులను ఒక్క ఉపాధ్యాయుడు ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొన్నచోట అది నడువదు. ఆ లోటునకు ఉపాధ్యాయుని నిందించుట, నీరు వదలక పైరు ఎండినదని రైతును నిందించుట వంటిది.

రెండవ వంతు పుస్తకము వ్రాయువారిది. ఇచట ఈ ఊరిని తలచుకొనక తప్పదు. గుడిమల్కాపూర్‌లో జాంసింగ్ దేవాలయము, దాని చెంతనే మసీదు కలవు. పిల్లలలో కొందరియింట తెలుగు, కొందరియింట ఉర్దూ. హిందీ, మరాఠీ మాటలాడు కుటుంబములును ఈ ప్రాంతమున నివసించుచున్నవి. తెలంగాణమున 2018లో చేయబడిన చట్టము ప్రకారము అన్ని రకముల పాఠశాలలలోను 1 మొదలు 10 తరగతుల వరకు తెలుగును నిర్బంధముగా బోధింపవలెను. 2018–19లో 1, 6 తరగతులతో నది ఆరంభమయ్యెను. ఉద్దేశము మంచిది, ఈ నేలపై పెరుగు బిడ్డకు ఈ నేల భాష రావలెను. కాని ఇంట తెలుగు వినని బాలికకును, తెలుగింటి బాలికకును ఒకే వాచకము సరిపడునా? 2025లో ప్రభుత్వము కేంద్ర బోర్డు మున్నగు ఇతర బోర్డుల పాఠశాలలలో 9, 10 తరగతులకు ‘సింగిడి’ యను వాచకమునకు బదులు సరళమైన ‘వెన్నెల’ యను వాచకమును నిర్ణయించినది. చట్టము చేసినవారికి ముందు తట్టనిది, తరగతి గదినుండి వచ్చిన అనుభవము వలన తట్టినది. పుస్తకము వ్రాయువారు బడి మాట వినవలెననుటకు ఇంతకంటె నిదర్శనము వేరొండు వలదు.

మూడవ వంతు ప్రధానోపాధ్యాయులది, పర్యవేక్షణాధికారులది. చట్టము ప్రకారము సంవత్సరమునకు 1 నుండి 5 తరగతులకు 200 పనిదినములు, 800 గంటల బోధన; 6 నుండి 8 తరగతులకు 220 దినములు, 1000 గంటలు జరుగవలెను. ఈ గంటలను కాపాడుట ప్రధానోపాధ్యాయుని మొదటి ధర్మము. అధికారి బడికి వచ్చినపుడు రిజిస్టరు చూచుట సులభము, బాలునిచే చదివించి వినుట కష్టము. రిజిస్టరులో హాజరు తెలియును, చదువు తెలియదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తుల సహాయము తప్ప చదువునకు సంబంధించని ఇతర పనులకు ఉపాధ్యాయుని పంపరాదని 27వ విభాగము చెప్పుచున్నది. కాగితములు నింపుటలో గడచు కాలమును గూర్చి చట్టము మాటలాడకున్నను, అదియు పిల్లలనుండి తీసికొన్న కాలమే.

నాలుగవ వంతు ఉపాధ్యాయునిది. తక్కిన వంతులన్నియు ఈ వంతును నిలబెట్టుటకే. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి విద్యను వ్యాకరణపు సంధితో పోల్చినది: గురువు పూర్వరూపము, శిష్యుడు ఉత్తరరూపము, విద్య వారి నడుమ సంధి, ప్రవచనము ఆ రెంటిని కలుపు సాధనము. పూర్వపదము ప్రక్కన ఉత్తరపదము నిలిచినంత మాత్రమున సంధి యేర్పడదు, కార్యము జరుగవలెను. అట్లే ఉపాధ్యాయుడును బాలుడును ఒకే గదిలో నున్నంత మాత్రమున విద్య కలుగదు. నియమితకాలములో ప్రణాళికను ముగించుట, ప్రతి బాలుని శక్తిని గమనించి అవసరమైన అదనపు బోధన చేయుట, తల్లిదండ్రులతో సమావేశమై పిల్లవాని ప్రగతిని తెలుపుట అను మూడింటిని 24వ విభాగము ఉపాధ్యాయునికి విధించినది. ఇందు మొదటిదానికిని రెండవదానికిని పోరాటము కలదు. పుస్తకము ముగింపవలెనని పరుగెత్తినచో వెనుకబడిన బాలుడు విడిచిపోవును. వానికొరకు ఆగినచో పుస్తకము మిగిలిపోవును. 2022లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలలలో ‘తొలిమెట్టు’ కార్యక్రమమును పెట్టి, చదువుట, వ్రాయుట, లెక్క చేయుట అను మూలములను మరల పట్టించుటకు పూనుకొన్నది ఈ చిక్కును గుర్తించియే. పుస్తకము ముగించుట కంటె పిల్లవానికి వచ్చుట ముఖ్యమని ఉపాధ్యాయునకు ధైర్యము చెప్పువారు కావలెను. ఆ ధైర్యము పై అధికారినుండియు, తల్లిదండ్రులనుండియు రావలెను.

అయిదవ వంతు పరీక్ష జరుపువారిది. ప్రణాళికలో నేమి వ్రాసినను, పరీక్షలో నడిగినదే బడిలో చెప్పుదురు. ఇది లోకానుభవము. 2014–15లో పదవ తరగతికి 80 మార్కుల వ్రాతపరీక్షయు, పాఠశాలలోనే వేయు 20 మార్కులును ఏర్పడెను. పిల్లవాడు ఏడాది పొడుగున చేసిన పనికి విలువ నిచ్చుట దాని ఉద్దేశము. కాని పిల్లవాడు చేయవలసిన ప్రాజెక్టును ఇంటివారు చేసిపెట్టిన చోట్లను, గైడు పుస్తకము చూచి దింపిన చోట్లను, పిల్లవానికి మార్కులు మిగిలినవి, పని మిగులలేదు. తప్పు పద్ధతిది కాదు. బాలుని వంతును ఇల్లు చేయుట, ఉపాధ్యాయుని వంతును గైడు చేయుట వలన గలిగిన దోషమది. తన వంతు విడుచుట యెంత తప్పో, పరుని వంతు మీద వేసికొనుటయు అంతే తప్పు.

ఆరవ వంతు తల్లిదండ్రులది. ఉపాధ్యాయుని వంతు తరువాత బరువైనది ఇదియే. తెలియక విడిచిపెట్టబడుచున్నదియు ఇదియే. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో యాజమాన్య సంఘముండవలెనని, అందు నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులుండవలెనని, సభ్యులలో సగము స్త్రీలుండవలెనని చట్టము చెప్పినది. పాఠశాల పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట వారి హక్కు. 2024లో తెలంగాణమున మహిళా సంఘముల నేతృత్వమున ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ సంఘములు కూడ ఏర్పడి, త్రాగునీరు, మరుగుదొడ్లు, విద్యుత్తు వంటి మరమ్మతులను చేయించినవి. అవి కావలసిన పనులే. గోడకు సున్నము వేయించిన తల్లి, ఆ గోడల నడుమ తన బిడ్డ ఏమి చదువుచున్నదో కూడ అడుగవచ్చును. “అక్షరమురానిదానను, బడిలో నేమడుగుదును?” అని సంకోచించు తల్లులు కలరు. అడుగుటకు అక్షరము వచ్చియుండ నక్కరలేదు. “ఈ పుట చదివి వినిపించు తల్లీ” యని బిడ్డతో ననుటకు ఏ పట్టమును అవసరము లేదు. తడబడుచున్నదో, ధారాళముగా చదువుచున్నదో చెవికే తెలియును.

ఇంటి వంతు యెంతటిదో 2020లో తేటపడినది. ఆ మార్చిలో కోవిడ్ వలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1 నుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు ఇండ్లకు వచ్చెను. ప్రభుత్వము పాఠమును పంపగలిగినది. పాఠము ముందు బాలుని కూర్చుండబెట్టు మనిషిని పంపలేకపోయినది. టెలివిజను గల యింటిలోనైనను, ప్రక్కన కూర్చుండి “అర్థమైనదా?” యని యడిగినవారున్న బిడ్డ ఒక తీరు, తలుపు తాళము వేసి కూలికి పోయినవారి బిడ్డ ఒక తీరు. కూలికి పోయిన తల్లిని నిందించుట ధర్మము కాదు. అట్టి యింటి వంతును ఎవరు పంచుకొందురను ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

దానికి సమాధానము ఏడవ వంతులో నున్నది. అది ఊరిది, ఊరి పనివారిది, గ్రంథాలయముది. ప్రణాళిక బాలుని అనుభవముపై నిలువవలెనని చట్టము చెప్పినదిగదా! ఈ ఊరి బాలుని అనుభవము పూల అంగడిలో నున్నది. జాంబాగునుండి 2009లో ఇచటికి తరలివచ్చిన అంగడికి చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి మున్నగు ప్రాంతములనుండి బంతి, చేమంతి వచ్చుచుండును. మూర యెంత, కిలో ధర యెంత, ఉదయపు ధర సాయంకాలమునకు ఏల పడిపోయినది, పండుగనాడు ఏల పెరిగినది అనునవి అంకగణితమును, అర్థశాస్త్రమును కలిపిన పాఠములు. బంతి యెప్పుడు నాటుదురు, ఎన్ని దినములకు పూయును, ఏ తెగులు పట్టును అనునవి వృక్షశాస్త్రము. పూలు కట్టు అవ్వను, తూకము వేయు వర్తకుని, పూదోట రైతును సంవత్సరమున కొకమారు బడికి పిలిచి పిల్లల ప్రశ్నలకు సమాధానము చెప్పించినచో, పుస్తకములోని పాఠమునకు ప్రాణము వచ్చును. అంగడివారికి మరియొక బాధ్యతయు కలదు. తెల్లవారక ముందే సాగు బేరములకు పసివాండ్రను నిలుపరాదు. నిద్ర చాలని బాలునకు తొలి గంట పాఠము చెవికెక్కదు. గణితమును తరచుగా తొలి గంటలలోనే చెప్పుదురు.

గ్రంథాలయపు వంతు కూడ చట్టములో కలదు. ప్రతి పాఠశాలలోను గ్రంథాలయముండవలెనని, అందు వార్తాపత్రికలు, కథల పుస్తకములు, అన్ని విషయముల గ్రంథములు నుండవలెనని విద్యాహక్కు చట్టపు అనుబంధము నిర్దేశించినది. తెలుగునాట గ్రంథాలయములు బడి చేయలేని పనిని చేసినవని చరిత్ర చెప్పుచున్నది. 1901లో ఈ నగరముననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. బడిలో తెలుగునకు చోటు కొరవడిన కాలమున తెలుగు పుస్తకమునకు అది నిలువ నీడ యయ్యెను. 1906లో ఇచటనే కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రమును, శాస్త్రములను తెలుగున వెలువరించిరి. పాఠ్యప్రణాళిక విడిచిన ఖాళీలను వారు పూరించిరి. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల కొరకు వసూలగును. ఇంటిపన్ను కట్టు ప్రతివాడును ప్రజాగ్రంథాలయములకు వంతుదారుడే.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున ఈ గ్రంథాలయము చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది: ప్రతి సాయంకాలము ఒక గంట, ఇంట చదివించువారు లేని పిల్లలకు చదువు గంట. పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారిచే చదివింతురు. తెలుగు రాని బిడ్డ ప్రక్కన తెలుగు బిడ్డ, ఉర్దూ రాని బిడ్డ ప్రక్కన ఉర్దూ బిడ్డ కూర్చుండవలెను. రెండవది: 1 నుండి 10 తరగతుల పాఠ్యపుస్తకముల ప్రతి యొక్కొక్కటి, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాధ్యమములలో, తల్లిదండ్రులు వచ్చి చూచుటకు ఒక బల్లపై నుంచవలెను. బిడ్డ ఏమి నేర్వవలసియున్నదో తెలియని తల్లి ఏమి యడుగగలదు? మూడవది: పాఠశాల యాజమాన్య సంఘ సమావేశపు తేదీని గ్రంథాలయపు పలకపై వారము ముందే వ్రాయవలెను. ప్రైవేటు బడులకు ఆ సంఘము చట్టరీత్యా నిర్బంధము కాదు. కాని ఆ బడులకు పిల్లలను పంపు తల్లిదండ్రులు ఈ గ్రంథాలయముననే కూడి మాటలాడుకొనుటకు అడ్డేమున్నది?

ఎనిమిదవ వంతు బాలునిది. అది చిన్నదే, కాని దానిని మరియొకరు చెల్లింపలేరు. బడికి వచ్చుట, తెలియనిది తెలియలేదని చెప్పుట, అడుగుట. “తెలియలేదు” అన్న బాలుని కొట్టకుండ, పరిహసింపకుండ నుండుట తక్కినవారి వంతు. అట్టి భయము తొలగిన తరగతిలో బాలుడు తన వంతును తానే చెల్లించును.

పూర్వము తాలూకాలో ఏటేట జమాబందీ జరిగెడిది. తహశీలుదారు ఎదుట గ్రామలెక్కలు విప్పి, ఎవరి ఖాతాలో నెంత జమ, ఎంత బాకీ అని పరిశీలించెడివారు. అట్టి జమాబందీ పిల్లల చదువునకును కావలెను. ఏటేట గ్రంథాలయ వార్షికోత్సవమున ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, అంగడి పెద్దలు ఒక్కచోట కూర్చుండి, ఈ యేడు తమ తమ వంతులలో నేమి చేసిరి, ఏమి విడిచిరి అని చెప్పుకొనవలెను. నింద కొరకు కాక లెక్క కొరకు. ఆ దినమున ఉపన్యాసములు తగ్గించి, అయిదవ తరగతి పిల్లలచే, తెలుగువారిచే తెలుగు, ఉర్దూవారిచే ఉర్దూ, ఒక్కొక్క పుట చదివింపవలెను. ఎందరు తడబడక చదివిరో అదియే ఆ యేటి జమ. తడబడినవారి పేర్లు సభలో చదువరాదు. వారి కొరకు మరునాటి సాయంకాలపు చదువు గంటలో పీటలు వేయవలెను.

ఈ గ్రంథాలయమును 25 ఏండ్లు నడిపిన పెద్దలకు, చందాదారులకు, పుస్తకములు మోసి బీరువాలు తుడిచిన యువకులకు అభినందనలు.